అరచేతిలో రైలింజను

రైలు బండిని చూసి మురిసిపోని బాల్యం అరుదు. కూత వినబడగానే ఆటలు మాని, గట్టు మీదికి పరుగెత్తి, పెట్టెలు లెక్కపెట్టిన అనుభవం ఎందరికో ఉంటుంది. కొందరిలో ఆ మురిపెం వయస్సుతో తరిగిపోదు. ఐరోపా, అమెరికా, జపాను దేశాలలో అటువంటివారు ఇంటి గదిలోనే పట్టాలు పరచి, వంతెనలు కట్టి, చిన్ని రైళ్లను నడుపుతారు. 1891లో జర్మనీకి చెందిన మార్‌క్లిన్ సంస్థ లైప్‌జిగ్ సంతలో నిర్ణీతమైన కొలతలతో బొమ్మరైళ్లను ప్రదర్శించింది. నాటినుండి ఈ వేడుక క్రమంగా ఒక విద్యగా ఎదిగింది.

1960 దశకంలో అదే దేశంలోని ఆర్నాల్డ్ సంస్థ ‘ఎన్’ కొలత రైళ్లకు నాంది పలికింది. వీటి పట్టాల నడుమ ఎడం 9 మిల్లీమీటర్లే. తొమ్మిదిని ఇంగ్లీషులో ‘నైన్’ అనీ, జర్మన్‌లో ‘నోయిన్’ అనీ అంటారు. ఆ తొలి అక్షరమే దీనికి పేరయింది. ఐరోపా, అమెరికాల కొలత ప్రకారం ఇది అసలు బండిలో 160వ వంతు. అనగా 20 మీటర్ల ఇంజను పన్నెండున్నర సెంటీమీటర్లకు కుదించుకొని అరచేతిలో ఇమిడిపోతుంది.

పూర్వం ఈ రైళ్లను నడిపే పద్ధతి సులభమైనది. పట్టాలలో 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తును ప్రసరింపజేసేవారు. వోల్టేజి పెంచితే వేగం పెరిగేది. ధన, రుణ ధ్రువాలను తారుమారు చేస్తే బండి వెనుకకు నడిచేది. కాని ఒకే పట్టాపై రెండు ఇంజన్లుంటే రెండూ కలిసి కదిలేవి. ఒకదానిని నిలిపి మరొకదానిని నడపాలంటే పట్టాలను ఖండాలుగా విడదీసి, ఒక్కొక్క ఖండానికి ఒక మీట అమర్చవలసి వచ్చేది.

ఈ చిక్కును విప్పినది డిజిటల్ కమాండ్ కంట్రోల్ పద్ధతి. 1980 దశకం చివర జర్మనీలోని లెంజ్ సంస్థ దీనికి రూపకల్పన చేసింది. 1935లో ఏర్పడిన అమెరికా జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం 1990 దశకంలో దీనిని ప్రమాణంగా స్వీకరించింది. ఇందులో పట్టాలపై విద్యుత్తు నిరంతరం ఉంటుంది. దాని ధ్రువాలు సెకనుకు వేలసార్లు మారుతూ, ఆ మార్పుల నిడివిలోనే ఆజ్ఞను మోసుకొనిపోతాయి. పొట్టి స్పందన ‘ఒకటి’, పొడుగు స్పందన ‘సున్న’. ఉపాధ్యాయుడు హాజరు పిలిచినప్పుడు తరగతి అంతా వింటుంది. తన సంఖ్య వచ్చినవాడే పలుకుతాడు. ఇంజన్లూ అంతే. ఆ సంఖ్యను గుర్తించి, మోటారుకు తగినంత శక్తినిచ్చే బుల్లి పరికరమే డీకోడర్.

అమెరికాలో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన వద్ద ‘ఎన్’ కొలత డీజిల్ ఇంజను ఒకటి ఉండేది. 1980 దశకంలో ఆయన తండ్రి దానిని కొన్నాడు. మనుమడు వేసుకొన్న పట్టాలు డిజిటల్‌వి. వాటిపై నిలిపితే పాత ఇంజను గుయ్యిమంటూ వేడెక్కేది. అందువల్ల అది అద్దాల బీరువాకే పరిమితమయింది. దానికి డీకోడర్ అమర్చాలని ఆయన సంకల్పించాడు.

సంకల్పం సులువే, చోటే లేదు. ఇంజను లోపలిదంతా రెండు లోహపు దిమ్మలు. కుడి దిమ్మ కుడి పట్టానుండి, ఎడమ దిమ్మ ఎడమ పట్టానుండి విద్యుత్తును గ్రహించి నేరుగా మోటారుకు అందిస్తాయి. గోరంత డీకోడర్‌కు చోటు కావాలంటే లోహాన్ని అరగదీయాలి. అరగదీసిన లోహం మళ్లీ అతకదు. బరువు తగ్గితే లాగే శక్తీ తగ్గుతుంది. తండ్రి చేతి వస్తువుపై ఆకురాయి పెట్టడానికి ఆయనకు కొన్ని వారాలు మనసు రాలేదు. చివరకు, నడవడానికి పుట్టినదానిని నడిపించడమే గౌరవమని నిశ్చయించుకొన్నాడు.

ఎరుపు, నలుపు తీగలు దిమ్మలకు. నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి, నీలం ఆ రెంటికీ ఉమ్మడి. అన్నీ సరిగానే అతికి, ఆతృతతో ఇంజనును పట్టాలపై నిలిపాడు. సన్నని పొగ లేచింది. క్షణంలో డీకోడర్ మాడిపోయింది.

మరునాడు విప్పి చూడగా కారణం తెలిసింది. మోటారుకూ దిమ్మలకూ ఎక్కడా స్పర్శ ఉండరాదు. పై రేకును వేరుచేసిన ఆయన అడుగు రేకును మరచాడు. మల్టీమీటరుతో ఒక్క నిమిషం పరీక్షించి ఉంటే ఆ లోపం బయటపడేది.

రెండవసారి తొందరపడలేదు. అడుగు రేకు కింద కాప్టన్ టేపు అంటించాడు. ప్రతి తీగనూ మీటరుతో పరీక్షించాడు. తొలుత పరిమితమైన విద్యుత్తు మాత్రమే పారే ప్రోగ్రామింగ్ పట్టాపై నిలిపాడు. కొత్త డీకోడర్ తన సహజ సంఖ్య 3 అని బదులిచ్చింది. అప్పుడు గాని ఇంజనును మనుమడి పట్టాలపైకి చేర్చలేదు. అది స్లీపరు తరువాత స్లీపరు దాటుతూ మెల్లగా కదిలింది. తాత మీట వదలి, మనుమడికి అందించాడు.

చిన్న వస్తువు చిన్న పొరపాటును కూడా క్షమించదు. శక్తిని ప్రవహింపజేయడానికి ముందు పరీక్షించుకోవాలన్న నియమం బొమ్మరైలుకే కాదు, మనిషి చేపట్టే ప్రతి పనికీ వర్తిస్తుంది. ఓర్పుతో చేసిన మార్పు పాతదానిని చెరపదు. తరువాతి తరం చేతికి అందిస్తుంది.