నీడ చెప్పిన మాట: కార్వేటినగరంలో రెండు రోజులు

పుత్తూరు దాటి కార్వేటినగరం దారి పట్టగానే మామిడి తోటలు, చెరకు మడులు కనువిందు చేస్తాయి. ఇది ఒకప్పుడు సంస్థానాధీశులు ఏలిన ఊరు. వేణుగోపాలస్వామి ఆలయం, విశాలమైన స్కంద పుష్కరిణి, రాజుల నాటి కట్టడాలు ఆ వైభవాన్ని నేటికీ గుర్తుచేస్తాయి. పదకర్త సారంగపాణి ఈ సంస్థానానికి చెందినవాడే.

ఏప్రిల్ చివరి వారంలో ఖాలా ఇంటికి వెళ్ళాము. ఆకాశాన్ని పలుచని మబ్బు కమ్మి ఉంది. "ఎండ లేదు కదా" అనుకొని, పదేళ్ళ మా అబ్బాయి చేతుల్లేని బనియనుతో తోట పక్కన క్రికెట్ ఆడుతుంటే ఊరుకున్నాను. ఉదయం 10 గంటలకు వెళ్ళినవాడు మధ్యాహ్నం 2 గంటలకు తిరిగివచ్చాడు. సాయంత్రానికి మెడ, భుజాలు మండుతున్నాయన్నాడు. చామనఛాయ కనుక ఎరుపు అంతగా కనిపించలేదు గాని, తాకితే చర్మం వేడిగా, బిగుసుకున్నట్లుగా ఉంది. తెల్లవారేసరికి భుజాలపై చిన్న చిన్న బొబ్బలు లేచాయి.

ఒకరు వెన్న రాయమన్నారు, మరొకరు టూత్‌పేస్టు పూయమన్నారు. ఖాలా మాత్రం, "ముందు డాక్టరుకు చూపించు బేటా" అన్నది. ఆమె మాట మమ్మల్ని కాపాడింది.

చర్మాన్ని కాల్చేది ఎండ వేడిమి కాదనీ, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలనీ వైద్యుడు వివరించాడు. పలుచని మబ్బు వాటిని పెద్దగా ఆపలేదు. నీరు, ఇసుక వాటిని కొంత తిప్పికొడతాయి. బాధ కొన్ని గంటల తరువాత మొదలై, సుమారు ఒక రోజులో తీవ్రమవుతుంది. అందుకే ఆడుతున్నప్పుడు పిల్లవానికి ఏమీ తెలియలేదు. నల్లని చర్మానికి కొంత రక్షణ ఉన్నా, అది పూర్తి కవచం కాదు.

చల్లని నీటిలో తడిపిన గుడ్డను రోజుకు పలుమార్లు 10, 15 నిమిషాలు వేయమన్నాడు. మంచుగడ్డ పెట్టరాదు, బొబ్బలు చిదమరాదు, వెన్న, టూత్‌పేస్టు పూయరాదు. నీరు బాగా త్రాగించాలి. సువాసనలు లేని కలబంద జెల్ రాయవచ్చు. నొప్పికి పిల్లవాని బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ కూడదు. బొబ్బలు విస్తారంగా లేచినా, జ్వరం, వణుకు, వాంతులు, మగత కనిపించినా, పసికందుకు చర్మం కమిలినా ఆలస్యం చేయక వైద్యుని చూడాలి.

తిరిగివస్తుండగా చెరకు మడిలో పని చేస్తున్న స్త్రీలు కనిపించారు. చీరపై మగవారి పొడుగు చేతుల చొక్కాలు తొడిగి, తలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. ఎండను ఎరిగినవారి ఉడుపు అది! ఊరు చూడవచ్చిన మనమే ఒంటిని ఎండకు అప్పగిస్తాము. ఏళ్ళ తరబడి పడే ఎండ చర్మాన్ని ముడతలు పరుస్తుంది, చర్మ క్యాన్సరుకూ, కంటి శుక్లాలకూ ఒక కారణమవుతుంది. శుక్లాల ఆపరేషను చేయించుకున్న ఖాలా కూడా యౌవనమంతా పొలంలోనే గడిపింది.

ఆ మధ్యాహ్నం 12 దాటిన కొద్ది నిమిషాలకు వాకిట్లో నిలబడి చూశాను. నా నీడ పాదాల కిందే ఒదిగిపోయింది. 13 డిగ్రీల పైచిలుకు అక్షాంశంలో ఉన్న ఈ ఊరికి ఏప్రిల్ చివరన, మళ్ళీ ఆగస్టు నడుమ సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉన్నంతసేపు ఆ కిరణాలు బలంగా ఉంటాయి. నీడ పొడవును బట్టి అస్ర్ వేళను గుర్తించే మన పెద్దలకు ఈ కొలత కొత్త కాదు. నీడ సాగేవరకు పిల్లలను చెట్టు కింద ఆడనివ్వాలి. తప్పనిసరైతే నిండు చేతుల దట్టమైన నూలు బట్టలు, అంచు వెడల్పైన టోపీ వేయాలి. బట్ట కప్పని చోట ఎస్.పి.ఎఫ్. 30 సన్‌స్క్రీన్ పూసి, 2 గంటలకొకసారి మళ్ళీ రాయాలి. ఆరు నెలల లోపు బిడ్డలకు నీడ, బట్టలే రక్ష.

వారం రోజులకు మా అబ్బాయి చర్మం పొరలుగా ఊడి మానింది, అల్‌హమ్దులిల్లాహ్. ఇప్పుడు ఆటకు బయలుదేరే ముందు వాడే వాకిట నిలబడి తన నీడను కొలుచుకుంటున్నాడు.