పక్కన పెట్టిన కాయ

1990 నాటి మాట. పాలకొల్లు దగ్గర ఓ పల్లెలో ఒకటి నుంచి అయిదు తరగతులూ ఒకే గదిలో ఉండేవి. పంతుల్ని నేనొక్కణ్ణే. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్ బోర్డ్ పథకం కింద సామాన్ల పెట్టె వచ్చింది గానీ, రెండో పంతులు రాలేదు.

‘నూట అయిదు’ అంటే రెండో తరగతి వాళ్ళు 1005 అని రాసేవారు. నూరూ నేర్పాను, అయిదూ నేర్పాను. విన్నది విన్నట్టు పక్కపక్కన పెట్టేశారు. అయిదో తరగతి వాళ్ళు తీసివేతలో ‘అప్పు’ తెచ్చుకునేవారు. తెచ్చింది పది అని మాత్రం తెలీదు. జబ్బు ఒకటే.

కొబ్బరి ఈనెలకు మా ఊళ్ళో కరువా? పెద్దవాళ్ళు జానెడు ముక్కలు కోసేవారు. ఒకటో తరగతి వాళ్ళు పదేసి లెక్కపెడితే, రెండో తరగతి వాళ్ళు అరటినారతో కట్టలు కట్టేవారు. మూడో తరగతి వాళ్ళు పది కట్టలు కలిపి మోపు చేసేవారు. నూట అయిదంటే ఒక మోపు, అయిదు పుల్లలు.

“కట్టలే లేవు కదండీ, మధ్యలో సున్నా ఎందుకండీ?” అందో రెండో తరగతి పిల్ల. నాకు జవాబు తట్టలేదు.

నాలుగో తరగతి కుర్రాడొకడు లేచాడు. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు లెక్కపెట్టే కూలీ.

“మా నాన్న ‘లాభం, రెండు, మూడు’ అని లెక్కెడతాడండి. వందవ్వగానే ఓ కాయ పక్కనెడతాడండి. అది వందండి.”

“అన్నీ ఒకేలాంటి కాయలే కదరా?”

“రాశిలో కలిస్తే ఒకటేనండి. పక్కనుంటేనే వంద.”

నేలమీద సుద్దతో మూడు గళ్ళు గీశాను. ఈసారి పుల్లలు కాదు, చింతపిక్కలు. వందల గడిలో ఒకటి, పదుల గడి ఖాళీ, ఒకట్ల గడిలో అయిదు. ఆ ఖాళీ గడిని చేత్తో చెరిపేసి, మిగిలిన రెంటినీ దగ్గరగా గీశాను.

“అయ్యో, పదిహేనైపోయిందండీ!” అంది ఆ పిల్ల. సున్నా ఎందుకో మళ్ళీ అడగలేదు.

మధ్యాహ్నం అయిదో తరగతి వాళ్ళని 105లోంచి 8 తీయమన్నాను. పదుల గడిలో అప్పు పుట్టదు. మోపు విప్పాలి. ఒకటో తరగతి బుడతడు ఉత్సాహంగా నారలన్నీ లాగేయబోయాడు.

“ఒరేయ్, అన్నీ విప్పకు, ఒక్క కట్ట చాలు!” అని అయిదో తరగతి పిల్ల వాడి చెయ్యి పట్టుకుంది.

తొమ్మిది కట్టలు, ఏడు పుల్లలు మిగిలాయి.