అంబాసిడర్‌కు అయిదు టైర్లు

2024 జనవరి 18, గురువారం

పండక్కి వచ్చినవాళ్లంతా వెళ్లారు. ఇవాళ షెడ్డులో బండి కవరు తీశాను. 1968 అంబాసిడర్, మార్క్ 2. నాన్న కొన్న బండి. నాలుగు టైర్లలోనూ గాలి నిలిచే ఉంది. గాడుల్లో స్కేలు పెట్టి చూస్తే అయిదు మిల్లీమీటర్లకు తక్కువ లేదు. కార్ల టైర్లకు 1.6 మిల్లీమీటర్ల లోతు మిగిలితే చాలని చట్టం. ఆ లెక్కన ఇవింకా ఏళ్ల తరబడి తిరగాలి.

కానీ రిమ్ముకు కాస్త పైన, చుట్టూతా వెంట్రుకవాసి బీటలు. గోరుతో నొక్కితే రబ్బరు లొంగడంలేదు, ముదిరిపోయింది. టైరు పక్కన కోడ్‌లో చివరి నాలుగంకెలు 3109. అంటే 2009లో 31వ వారం తయారైంది. నాన్న ఉండగా వేయించినవే. స్టెప్నీ తిప్పి చూస్తే దాని మీద మూడంకెలే ఉన్నాయి. నాలుగంకెల పద్ధతి 2000తో వచ్చింది కాబట్టి అది అంతకు ముందుదన్నమాట! అదృష్టం, ఇన్నాళ్లూ దాని అవసరం పడలేదు.

నిలిపి ఉంచిన బండి టైర్లు అరగవు కదా అంటారు చాలామంది. అరగవు, నిజమే. చస్తాయి. గాలిలో ఉండే ఓజోన్ రబ్బరును తెంపుతుంది. అందుకు విరుగుడుగా తయారీలోనే మైనం కలుపుతారు. టైరు తిరిగి, వంగి, సాగుతుంటే ఆ మైనం కొద్దికొద్దిగా పైకి తేలి పొరకడుతుంది. కదలని టైరులో ఆ పొర సరిగా ఏర్పడదు. రోజూ తిరిగే ట్యాక్సీ టైరు అరిగి పోతుంది, షెడ్డులో పెట్టిన టైరు పగిలి పోతుంది.

జనవరి 20, శనివారం

ఆటోనగర్ వెళ్లాను. మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మాస్టారూ, ముందు రెండూ మార్చేద్దాం, రేడియల్ వేద్దాం. వెనకవి తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. నా ఖర్చు తగ్గిద్దామనే అన్నాడు గానీ, చేయకూడనిది సరిగ్గా అదే.

ఈ బండి పుట్టినప్పుడు దీనికున్నవి క్రాస్‌ప్లై టైర్లు, 5.90-15 సైజు. క్రాస్‌ప్లైలో నైలాన్ దారాల పొరలు ఏటవాలుగా, ఒకదాని మీదొకటి ఎదురెదురు దిక్కుల్లో పరుచుకుని ఉంటాయి. పక్కగోడ, నేలను తాకే భాగం రెండూ ఒకే ఒంటి ముక్కలా పనిచేస్తాయి. అందుకని మలుపులో పక్కగోడ వాలితే అడుగు భాగం కూడా నేల నుంచి కొంత లేస్తుంది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా పోతాయి, నేలను తాకేచోట కింద ఉక్కు బెల్టు ఉంటుంది. పక్కగోడ ఎంత వంగినా అడుగు నేలకు అంటుకునే ఉంటుంది. మిషలిన్ వాళ్లు దీనికి పేటెంటు తీసుకున్నది 1946లో, అమ్మకానికి తెచ్చింది 1949లో. మన అంబాసిడర్ దాకా రావడానికి చాలా కాలం పట్టింది.

పట్టు ఎక్కువున్న రేడియల్ ముందు, తక్కువున్న క్రాస్‌ప్లై వెనక పెడితే, తడిరోడ్డు మీద మలుపులో ముందు చక్రాలు చెప్పినట్టు తిరుగుతాయి, వెనకవి జారిపోతాయి. బండి గిర్రున తిరుగుతుంది. తప్పక కలపాల్సి వస్తే రేడియల్స్ వెనకకే పోవాలి. ఈ మాటే చెప్పాను. మేస్త్రి కాసేపు ఆలోచించి, "అయితే నాలుగూ కొనాల్సిందే" అన్నాడు. అయిదు, అన్నాను. క్రాస్‌ప్లై స్టెప్నీని మూడు రేడియల్స్ పక్కన వేస్తే మళ్లీ అదే కథ.

జనవరి 23, మంగళవారం

ఫోన్లో అమ్మాయి: "నాన్నా, వెడల్పు టైర్లు వేయించు, లుక్కు బాగుంటుంది." షాపువాడిదీ అదే పాట. 185/65 ఆర్15 ఎదురుగా పేర్చి ఉంది, ఇప్పటి కార్లకు వేసేదే కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది. రిమ్ము 15 అంగుళాలే కదా, కూర్చుంటుంది అన్నాడు.

కూర్చుంటుంది. ఇంటికొచ్చి లెక్క వేశాను. 185లో 65 శాతం 120 మిల్లీమీటర్లు, రెండు పక్కలా కలిపి 240, రిమ్ము 381. మొత్తం ఎత్తు 622 లోపు. నా పాత టైరుకు సుద్దముక్కతో గీత గీసి నేల మీద ఒక చుట్టు తోస్తే రెండు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. కొత్తది ఒక చుట్టుకు 1.95 మీటర్లే. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి నిజంగా పోయేది 76, 77. ఆ వేగానికే ఇంజను ఎక్కువ చుట్లు తిరగాలి, పైగా బండి నేలకు దగ్గరవుతుంది. మా ఊరి దారిలో స్పీడ్‌బ్రేకర్లు ఎవరికి తోచిన ఎత్తున వాళ్లు కట్టినవే.

అంతకన్నా పెద్ద చిక్కు రిమ్ముది. దాని వెడల్పు నాలుగంగుళాలు. 185 టైరుకు కనీసం అయిదు కావాలి. ఇరుకు రిమ్ములో వెడల్పు టైరు ఉబ్బి, నడిమధ్య మాత్రమే నేలకు ఆనుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండిలో ఆ వెడల్పును పార్కింగ్‌లో తిప్పేది నా భుజాలు.

లుక్కు సంగతి: ఈ బండి అందమంతా ఆ సన్నటి కాళ్ల మీద నిలబడ్డ పెద్ద ఒంట్లోనే ఉంది. అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

జనవరి 25, గురువారం

పాత బండ్ల పిచ్చి ఉన్న మిత్రుడొకాయన వచ్చాడు. క్రాస్‌ప్లై తప్ప మరేదీ వేయొద్దని ఆయన పట్టు, పైగా తెల్ల అంచులు ఉండాలట. మొట్టమొదటి టైర్లు తెల్లగానే ఉండేవి. రబ్బరు అసలు రంగు పాలిపోయిన తెలుపు. గట్టిదనం కోసం మసి, అంటే కార్బన్ బ్లాక్, కలపడం మొదలయ్యాక నల్లబడ్డాయి. తర్వాత తెల్లంచు షోకయింది. నాకది పెళ్లికొడుకు బూట్లలా అనిపిస్తుంది. వద్దన్నాను.

వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతీ ఎత్తాడు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటినవి అర్హమే. కానీ ఆ నంబరు బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుకూ అంతే. నేను దీన్లో ఊరెళ్లి బియ్యం తెచ్చుకుంటాను.

క్రాస్‌ప్లై గురించి మాత్రం ఆయన మాటలో నిజముంది. తక్కువ వేగంలో మెత్తగా పోతుంది, స్టీరింగ్ తేలిక, పట్టు తప్పేముందు చెప్పి మరీ తప్పుతుంది. ఊళ్లోనే తిరిగే బండయితే అదే వేయించేవాణ్ని. హైవే ఎక్కే బండికి, అందులోనూ నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న బండికి, తడిలో పట్టు ముందు చూసుకోవాలి.

జనవరి 29, సోమవారం

నిర్ణయం: 165/80 ఆర్15, ట్యూబులతో. ఎత్తు 645. పాతదానికి దగ్గర, రిమ్ముకు సరి. లోడ్ ఇండెక్స్ 87, అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది. అయిదుగురెక్కి, డిక్కీ నిండా బస్తాలు పడేసినా బెంగలేదు. వేగానికి టి అక్షరం, 190 కిలోమీటర్లు. ఈ బండి జీవితంలో అందులో సగం దాటితే గొప్ప.

మొదటి షాపువాడు 'ఫ్రెష్ స్టాక్' అంటూ తెచ్చిన వాటి మీద 2019 ఉంది. నేను వంగి అంకెలు చదువుతుంటే ముఖం మాడ్చుకున్నాడు. ఇంకోచోట ఆర్డరు పెట్టాను.

ఫిబ్రవరి 3, శనివారం

అయిదూ ఎక్కాయి. రిమ్ముల తుప్పు వైరు బ్రష్షుతో గీకించి రంగు వేయించాను. పాత రిమ్ములకు టైరు అంచు లోపలికి జారకుండా ఆపే గట్టు ఉండదు, అందుకే ట్యూబు తప్పదు. టైరు లోపల అంటించిన కాగితం స్టిక్కర్లు పీకించడం మేస్త్రికి చాదస్తంగా తోచింది. రేడియల్ లోపల అవి ట్యూబును రాస్తూ రాస్తూ చిల్లి పెడతాయి. పౌడరు చల్లి ఎక్కించాం. ట్యూబులు కూడా రేడియల్‌వే. ముందు చక్రాల టో-ఇన్, అంటే వాటి ముందంచులు లోపలికి తిరిగి ఉండటం, కాస్త తగ్గించాం, రేడియల్స్‌కు అంత అక్కర్లేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

పొద్దున్నే బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాకా. కంకిపాడు దాటాక రోడ్డు మీద పొడుగు గీతలున్నచోట పాత టైర్లయితే వాటి వెంట పడి పోయేవి, స్టీరింగ్ లాగి పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు తిన్నగా పోయింది. నిలబడి నిలబడి ఒకవైపు చదునైపోయిన పాత టైర్లు మొదటి కాసేపు చేసే దడదడ కూడా లేదు. వంతెన అతుకుల మీద మాత్రం దెబ్బ గట్టిగా తెలిసింది. ఉయ్యూరులో బండి తిప్పుకునేటప్పుడు భుజాలకు పని పడింది. ఊహించిందే.

గాలి ముందు 28, వెనక 30 పెట్టి చూశాను. అడుగుకు అడ్డంగా సుద్ద రాసి కొంతదూరం నడిపితే వెనక టైర్లలో మధ్యన ముందు చెరిగింది. ఒంటరిగా వెళ్లేటప్పుడు 28 చాలు. చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నట్లు ఇంకోసారి బిగించాలి. పాతవాటిలో రెండు తమ్ముడు ఎడ్లబండికి అడిగాడు. ఆ మూడంకెలది మాత్రం ఎవరికీ ఇవ్వకుండా కోయించి పారేయాలి.