కోరలున్నవాడా, మాటిచ్చినవాడా?

వాంపైర్ ప్రేమకథలు చదువుతానంటే మా టీములో అందరూ ఒకటే నవ్వు. "ఓ, ట్వైలైటా?" అంటారు వెంటనే. కాదండీ బాబూ! 2005లో ఆ నవల వచ్చాక వాంపైర్ అంటే హైస్కూల్లో కూర్చుని పాఠాలు వినే కుర్రాడని జనంలో స్థిరపడిపోయింది గానీ, నాకు నచ్చేవి వేరే. చరిత్రలో జరిగేవి. పౌడర్ అద్దిన విగ్గులు, గుర్రపు బగ్గీలు, కొవ్వొత్తుల వెలుగులో విందులు... వాటి మధ్య వయసు పెరగని ఒక మనిషి.

వీటిలో నాకు బాగా నచ్చింది చెల్సీ క్విన్ యార్‌బ్రో 1978లో రాసిన 'హోటల్ ట్రాన్సిల్వేనియా'. కథాకాలం 1743. పారిస్‌లో పదిహేనో లూయీ ఏలుబడి. హీరో కౌంట్ సాన్ జెర్మాన్. ఈ పేరుతో నిజంగానే ఒకాయన ఉండేవాడు. ఎక్కడ పుట్టాడో ఎవరికీ తెలీదు, వయొలిన్ బాగా వాయించేవాడు, వందల ఏళ్ళుగా బతుకుతున్నాడని పుకార్లు. పాపం, ఆయన 1784లో అందరిలాగే చనిపోయాడు. యార్‌బ్రో ఆ పుకారునే పట్టుకుని ఆయన్ని వేల ఏళ్ళ వాంపైర్‌ని చేసేసింది. బూట్ల అడుగున సొంత ఊరి మట్టి వేసుకుని తిరిగే మర్యాదస్తుడు.

మరి విలన్ ఎవరు? అసలు సంగతంతా అక్కడే ఉంది. హీరోయిన్ మేడలిన్ పుట్టకముందే, ఆమె తండ్రి తన మొదటి బిడ్డని ఇస్తానని ఒక క్షుద్రపూజల ముఠాకి మాటిచ్చేస్తాడు. ముఠాలో ఉన్నవాళ్ళంతా పెద్ద పెద్ద ప్రభువులే. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగరు. మొత్తం నవలలో ఆమె ఇష్టాన్ని పట్టించుకున్నవాళ్ళలో ముందుండేది ఆ రక్తం తాగేవాడే! ఆయన ఎవరో తెలిసే ఆమె ఆయన్ని కావాలనుకుంటుంది. పిల్ల పుట్టగానే "ఇది మా కోడలు" అని తేల్చేసే ఇళ్ళు చూసిన నాకు, భయపెట్టింది కోరలున్నవాడు కాదు, మాటిచ్చినవాడు.

ఇంతవరకూ బానే ఉంది. కానీ అదే కాలంలో, అదే యూరప్‌లో వాంపైర్లు "నిజంగా" ఎక్కడ ఉండేవారో చూస్తే మనసు చివుక్కుమంటుంది. 1725లో సెర్బియాలోని కిసిల్యేవో అనే పల్లెలో పీటర్ ప్లోగోయోవిట్స్ అనే రైతు చనిపోయాడు. ఆ తర్వాత వారం రోజుల్లో తొమ్మిదిమంది పోయారు. ఊరంతా కలిసి సమాధి తవ్వుతామంది. అక్కడి ఆస్ట్రియా అధికారి, పైనుంచి అనుమతి వచ్చేదాకా ఆగండన్నాడు. అది వచ్చేసరికి ఊరే మిగలదన్నారు వాళ్ళు. తవ్వారు, గుండెలో మేకు దించారు, కాల్చేశారు. ఆ అధికారి రిపోర్టు చివర్లో, ఇందులో తప్పేమైనా జరిగితే అది నాది కాదు, భయంతో ఒళ్ళు తెలియని ఈ జనానిది అని రాసుకున్నాడు. మనం రాసే ఎస్కలేషన్ మెయిల్ లాగే లేదూ? :)

సమాధిలో వాళ్ళకి కనబడినదాంట్లో మాయేమీ లేదు. శవం కుళ్ళేటప్పుడు గ్యాసులకి పొట్ట ఉబ్బుతుంది, నోట్లోంచి ఎర్రటి ద్రవం వస్తుంది. చర్మం ముడుచుకుపోయి గోళ్ళు పెరిగినట్టు కనిపిస్తాయి. రోగం ఎలా అంటుకుంటుందో తెలియనివాళ్ళు దాన్ని చూసి ఇంకేమనుకుంటారు? చివరికి 1755లో మరియా థెరీసా రాణి, తన వైద్యుడు వాన్ స్వీటెన్ నివేదిక చూసి, ఇలా శవాలు తవ్వడాన్ని కట్టడి చేసింది.

అంటే మేడలిన్ కథ జరిగిన 1743కి అటూ ఇటూ పల్లెల్లో ఈ తతంగం నడుస్తూనే ఉంది. అక్కడ వాంపైర్ అంటే ప్రభువు కాదు, పక్కింటి రైతు. మరి ఈ రైతుని కోటలో కూర్చోబెట్టిందెవరు? ఇంగ్లీషులో ఆ పని గట్టిగా మొదలుపెట్టింది పొలిడోరి. 1819లో కవి బైరన్ పోలికలతో లార్డ్ రూత్‌వెన్‌ని సృష్టించాడు. అప్పట్నుంచీ ప్రేమకథల్లో రైతుకి చోటు లేదు. వోల్టేర్ మాత్రం 18వ శతాబ్దంలోనే ఎత్తిపొడిచాడు, పారిస్‌లో వాంపైర్లు లేరు గానీ పట్టపగలే జనం రక్తం తాగే దళారులూ వ్యాపారులూ ఉన్నారని. ఆ లెక్కన యార్‌బ్రో ప్రభువుల ముఠాని విలన్ చెయ్యడం సరైన పనే.

నాకు ఒప్పని విషయం ఒకటుంది. వేల ఏళ్ళు బతికినవాడికీ, ఇంకా లోకం చూడని పిల్లకీ మధ్య "ఇష్టం" అనేది ఎంత సమానం? ఎంత మర్యాదస్తుడైనా అతనికి తెలిసింది ఆమెకి తెలీదు కదా. మన పెళ్ళిచూపుల్లో పదేళ్ళ తేడాకే నేను నోరు పారేసుకుంటాను మరి!

అయినా చదువుతాను. ఆ పిల్లని అడిగినవాడు ఒకడైనా ఉన్నాడు కాబట్టి. కానీ కిసిల్యేవో లాంటి పల్లెలో, మొగుడు వాంపైరని ఊరంతా అంటుంటే అతని సమాధి దగ్గర నిలబడ్డ భార్య ప్రేమకథ ఎవరైనా రాస్తే బావుణ్ణు. దానికంటే గొప్ప వాంపైర్ ప్రేమకథ ఇంకేం ఉంటుంది చెప్పండి?