ఎడమ చేతి విద్య

ఆటోక్యాడ్‌లో ప్లాను గీసేవాళ్లను చూసేటప్పుడు అందరి కళ్లూ కుడిచేతి మౌస్ మీదే ఉంటాయి. నేను ఎడమ చెయ్యి చూస్తాను. కొందరిది గడ్డానికి ఆసరాగా ఉంటుంది, కొందరిది బల్ల అంచున ఊరికే పడి ఉంటుంది. పని తెలిసినవాళ్ల ఎడమ చెయ్యి కీబోర్డు వదలదు. చిటికెన వేలు ఎస్కేప్‌కు అందేంత దూరంలో, బొటనవేలు స్పేస్ బార్ మీద, మిగతా వేళ్లు అక్షరాల మధ్య. ఆ చెయ్యి ఏ కమాండో చెబుతుంది, కుడి చెయ్యి ఎక్కడో చూపిస్తుంది.

మామూలు రెండు పడగ్గదుల ఇల్లే తీసుకుందాం. బయటి గోడ తొమ్మిదంగుళాలు, లోపలి అడ్డగోడ నాలుగున్నర. ముందు ఎఫ్ 8 నొక్కితే గీత వంకర పోకుండా నిలువుకో అడ్డానికో కట్టుబడుతుంది. ఎల్ కొట్టి స్పేస్ కొడితే లైన్ వస్తుంది. మౌస్‌తో దిక్కు చూపించి పొడవు అంకెల్లో కొడతాం. మూడు వైపులూ తిరిగాక సి కొడితే, గీత తను బయల్దేరిన చోటికే వచ్చి మూసుకుంటుంది. ఓ కొట్టి తొమ్మిది ఇచ్చి గీతను లోపలివైపు చూపిస్తే దానికి జోడు గీత పుడుతుంది, గోడకు మందం వస్తుంది. మూలల్లో ఈ జోడు గీతలు ఒకదాన్నొకటి దాటిపోతాయి. అప్పుడు ఎఫ్, అంటే ఫిల్లెట్. క్లాసులో దీన్ని మూల గుండ్రం చేసే కమాండ్‌గా నేర్పుతారు. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లకు దాని అసలు ఉపయోగం వేరు: వ్యాసార్థం సున్నా పెట్టి రెండు గీతలనూ తాకితే మిగులు రాలిపోయి మూల కచ్చితంగా కుదురుతుంది. ద్వారం దగ్గర గోడ తెంచడానికి టి ఆర్, ట్రిమ్. ఆ ట్రిమ్‌లో ఉండగానే షిఫ్ట్ పట్టుకుంటే అది ఎక్స్‌టెండ్‌గా మారి, చాలని గీతను ఎదుటి గోడ దాకా పొడిగిస్తుంది. ఒక కమాండ్‌లో దిగి రెండు పనులు ముగించుకుని రావచ్చు.

వీటన్నిటికంటే ముందు నేర్పవలసింది స్పేస్ బార్. అక్షరాలు రాసే చోట తప్ప ఆటోక్యాడ్‌లో అది ఎంటర్‌తో సమానం. పైగా ఏ కమాండూ లేనప్పుడు కొడితే అంతకుముందు వాడిన కమాండే మళ్లీ వస్తుంది. కీబోర్డు మీద అన్నిటికంటే పెద్ద మీట, బొటనవేలి కిందే ఉన్న మీట. అది ఉండగా కుడి చేతిని మౌస్ మీంచి తీసి ఎంటర్ దాకా పంపేవాళ్లను చూస్తే, పక్కనే నిలబడి ఆ ఒక్క మాట చెప్పేదాకా నాకు మనసు ఒప్పదు.

చేతులు రెండూ చెరో పని చేయాలన్నది ఆటోక్యాడ్‌తో వచ్చిన ఆలోచనేమీ కాదు. ఆటోక్యాడ్ బయటికొచ్చింది 1982 డిసెంబరులో. అంతకు చాలా ముందు, 1963లో, ఎంఐటీ విద్యార్థి ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామును తన పరిశోధనగా సమర్పించారు. గది నిండా పరుచుకున్న టీఎక్స్-2 కంప్యూటరు మీద, లైట్ పెన్నుతో నేరుగా తెర మీదే గీయడం. అందులోనూ పెన్ను పట్టుకున్న చెయ్యి చోటు మాత్రమే చూపించేది. అది గీతా, వృత్తమా, జరపాలా, చెరిపేయాలా అన్నది రెండో చేతి దగ్గరున్న బొత్తాల పెట్టె చెప్పేది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ లోకానికి మౌస్‌ను చూపించినప్పుడు కూడా ఆయన కుడి చేతిలో మౌస్ ఉంటే, ఎడమ చేతి కింద ఐదు మీటల చిన్న పరికరం ఉంది. మౌస్ ప్రపంచమంతా పాకింది, ఆ ఐదు మీటలు అక్కడే ఆగిపోయాయి. ఎడమ చేతి వాటా పోయిందని నాకు అనిపించేది అక్కడే.

ఇంకా వెనక్కి వెళితే డ్రాయింగ్ బోర్డు. మినీ డ్రాఫ్టర్‌ను బోర్డుకు బిగించి, దాని స్కేళ్లను ఎడమ చేత్తో జరుపుతూ, కదలకుండా అదిమి పట్టుకుంటేనే కుడి చేతిలోని పెన్సిలు తిన్నని గీత గీసేది. ఆ బోర్డు మీద పని నేర్చుకున్న పెద్దవాళ్లు కంప్యూటరుకు వచ్చాక షార్ట్‌కట్లు త్వరగా పట్టుకోవడం నేను చూశాను. రెండు చేతులతో గీయడం వాళ్లకు కొత్త సంగతి కాదు.

షార్ట్‌కట్లతో ఎంత సమయం మిగులుతుందని కుర్రవాళ్లు అడుగుతుంటారు. లెక్క ఉంది. 1980లో స్టువర్ట్ కార్డ్, థామస్ మొరాన్, అలెన్ న్యూవెల్ అనే పరిశోధకులు కంప్యూటరు ముందు మనిషి చేసే పనిని చిన్న చిన్న కదలికలుగా విడదీసి, ఒక్కోదానికీ సగటు సమయం కట్టారు. టైపు వచ్చినవారిలో సగటు వ్యక్తికి ఒక మీట నొక్కడానికి 0.2 సెకను. మౌస్‌తో తెర మీద ఒక చోటికి గురిచూసి చేరడానికి 1.1. చేతిని కీబోర్డు నుంచి మౌస్‌కు మార్చడానికి 0.4. తర్వాత ఏం చేయాలో మనసులో సిద్ధపడటానికి 1.35. ఈ కొలతలతో మన పని చూద్దాం. ఐకాన్ దాకా వెళ్లి, నొక్కి, తిరిగి గీత దగ్గరికి రావడానికి 2.4 సెకన్లు పడుతుంది. ఎడమ చేత్తో ఒక అక్షరం, ఒక స్పేస్ కొట్టడానికి 0.4. కమాండుకు రెండు సెకన్ల చొప్పున, వెయ్యి కమాండ్లకు అరగంట దాటుతుంది.

అరగంట మిగలడం మంచిదే, సాయంత్రం ఇంటికి తొందరగా పోవచ్చు. నన్ను ఎక్కువ పట్టుకున్నది మాత్రం ఆ చివరి అంకె, మనసు సిద్ధపడే 1.35. బాగా అలవాటైన మీటల వరస ఒకే ఆలోచనలో ఇమిడిపోతుందనీ, వాటి నడుమ ఆ విరామం ఉండదనీ ఆ పరిశోధకుల పద్ధతే చెబుతుంది. చేతులకు వచ్చిన పని మనసును అడగదు. మనసు అప్పుడు ఇంటి మీదే ఉంటుంది: మెట్ల కింద తల తగులుతుందా, బాత్‌రూం తలుపు తెరిస్తే వాష్‌బేసిన్‌కు కొట్టుకుంటుందా, నైరుతి పడగ్గదిలోకి సాయంత్రపు ఎండ ఎంత వస్తుంది. చూపు సంగతీ అంతే. ఐకాన్ వెతకడానికి తెర పైకి వెళ్లిన చూపు తిరిగొచ్చేసరికి, దగ్గర దగ్గరగా ఉన్న ఆరు గీతల్లో తాను అనుకున్నది ఏదో మళ్లీ పోల్చుకోవాలి. రోజంతా జరిగే ఈ చిన్న చిన్న వెతుకులాటలే సాయంత్రానికి కళ్లను అలసగొడతాయని నా నమ్మకం.

పాలిటెక్నిక్ ముగించి మా దగ్గరికి పనికి వచ్చే పిల్లలు చాలామంది ఒక జాబితా ప్రింటు తీసి తెచ్చుకుంటారు. ఎ అంటే ఆర్క్, బి అంటే బ్లాక్, ఇలా జెడ్ దాకా. మొన్న చేరిన అమ్మాయి దాన్ని మానిటరు పక్కనే అంటించుకుంది.

"సార్, ఇవన్నీ బట్టీ పట్టాలా?"

"అన్నీ ఎందుకమ్మా? ఇవాళ ఏ ఐకాన్ ఎక్కువసార్లు నొక్కావు?"

"కాపీ అనుకుంటా సార్."

"అయితే రేపంతా సి ఓ కొట్టు. ఆ బొమ్మ వైపు చూడకు. మిగతావి ఐకాన్‌తోనే చెయ్యి, ఫర్వాలేదు."

కాపీ వేళ్లకు పట్టాక మూవ్‌కు ఎం, ఆ తర్వాత మిర్రర్‌కు ఎం ఐ. అక్షరక్రమం నిఘంటువుకు పనికొస్తుంది. చేతులు నేర్చుకునేది పని క్రమంలో. గోడలు గీసేటప్పుడు ఎల్, ఓ, ఎఫ్, టి ఆర్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి కనుక కలిపే నేర్చుకోవాలి. కొలతలు వేసేటప్పుడు డి ఎల్ ఐ. ఒక వస్తువు లేయరూ రంగూ ఇంకోదానికి అద్దడానికి ఎం ఎ. ఈ ఎం ఎ ఒక్కటి వచ్చినవాళ్లకు ఒళ్లు అలవకుండా పని సాగుతుంది, ముఖ్యంగా ఇంకెవరో గీసిన ఫైలు లేయర్లన్నీ కలిసిపోయి మన ముందుకొచ్చినప్పుడు. నా అంచనాలో పదిహేను ఇరవై కమాండ్లు వేళ్లకు వస్తే ఇళ్ల ప్లాన్లకు చాలు. మిగతావి ఎప్పుడో అవసరం పడతాయి, అప్పుడు పేరు మొత్తం కొట్టినా నష్టం లేదు.

ఒక ఇబ్బంది నిజంగానే ఉంది. ఎల్, ఎం, ఓ, పి అక్షరాలు కీబోర్డుకు కుడివైపున ఉన్నాయి. ఎడమ చెయ్యి అంత దూరం సాగాలి. దీనికి ఆటోక్యాడ్‌లోనే మార్గముంది. పీజీపీ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో ఒక్కో వరసలో పొట్టి అక్షరం, కామా, నక్షత్రం గుర్తు, కమాండు పూర్తి పేరు ఉంటాయి. అందులో మనకు నచ్చినట్టు మార్చుకుని రీఇనిట్ కమాండు కొడితే మార్పు అమల్లోకి వస్తుంది. కాపీకి రెండు సి లు పెట్టుకుంటే ఎడమ చెయ్యి అంత దూరం పోనక్కర్లేదు. ఎడమచేతివాటం వాళ్లయితే మౌస్‌ను అటు మార్చుకుని, కుడి చేతికి దగ్గరలో ఉన్న అక్షరాలు కేటాయించుకోవచ్చు. వాళ్లకు ఆఫీసులు ఆ వెసులుబాటు తప్పకుండా ఇవ్వాలి. మిగతావాళ్లకు మాత్రం నేను చెప్పేది రెండు మూడు మార్పులతో ఆపమనే. అన్నీ సొంతంగా మార్చుకున్న మనిషి పక్క సీటులో కూర్చుంటే చేతులు చూపులేనివైపోతాయి, పక్కవాళ్లు ఇతని సీటులో కూర్చున్నా అంతే. నలుగురు కలిసి చేసే పనిలో నలుగురికీ తెలిసిన అక్షరాలే మేలు. రెవిట్ అనే మరో సాఫ్ట్‌వేర్‌కు మారినవాళ్లకు అక్షరాలు మారతాయి గానీ విద్య మారదు. అక్కడ గోడకు డబ్ల్యూ ఎ, తలుపుకు డి ఆర్. రెండక్షరాలు కొడితే చాలు, స్పేస్ కూడా అక్కర్లేదు.

ఈ వేగం వల్ల అసలు లాభం పొందేది ఇల్లు కట్టుకునేవాళ్లు. ట్రేసింగ్ పేపరు కాలంలో ఇంకుతో గీసిన గోడను జరపాలంటే బ్లేడుతో గీకి, ఆ చోటును నున్నగా రుద్ది మళ్లీ గీయాలి. ఎదురుగా కూర్చున్న యజమానులు అది చూసి, ఇంకో మార్పు అడగడానికి మొహమాటపడేవారు. మనసులో ఉన్న కోరిక గృహప్రవేశం రోజున బయటపడేది, అప్పటికి గోడ లేచిపోయి ఉండేది. ఇప్పుడలా కాదు. ఈమధ్య నా పక్కన కుర్చీలో కూర్చున్న ఇల్లాలు, "బాబూ, వంటింట్లో నిలబడితే గేటు కనబడాలి, కిటికీ ఇటు జరపొచ్చా?" అని అడగగానే ఎస్, అంటే స్ట్రెచ్, కొట్టి, ఆ గోడ ముక్క మీద కుడి నుంచి ఎడమకు పెట్టె లాగి, రెండడుగులు జరిపి చూపించాను. కిటికీ జరిగింది కానీ పొయ్యి గట్టు దానికి అడ్డం పడింది. యు కొట్టి వెనక్కి తెచ్చాను. ఆమె భర్త వైపు తిరిగి, "అయితే పొయ్యినే తూర్పు గోడకు మారిస్తే?" అంది. మళ్లీ ఎస్. ఈసారి పొయ్యి కుదిరింది, ఫ్రిజ్‌కు చోటు పోయింది. ఆయన, "స్టోరు రూం తలుపు ఇటు తీసి చూడండి సార్" అన్నాడు. అంతసేపూ మౌనంగా ఉన్న మనిషి అడిగిన మొదటి మార్పు అది.