ట్యాంకులో అడుగు పెట్రోలు విత్తనం కాయల లెక్క



ఈసారి రాసేది శెనక్కాయ రేటు గురించి కాదు, బోరు గురించి కాదు. కారు గురించి. "నీకు కారు యాడిదప్పా" అని నవ్వుతారేమో. నాకు లేదు. నాకుండేది పాత మోపెడ్ ఒకటి, అన్నదమ్ములిద్దరికీ పొత్తులో ట్రాక్టరు ఒకటి. కారు మా అన్న కొడుకుది. బెంగళూరులో ఉద్యోగం. హైబ్రిడ్ కారు తీసుకున్నాడు. పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. ఛార్జింగ్ పెట్టే పని లేదు, అదే నడుస్తా ఛార్జ్ చేసుకుంటుంది. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే తప్పు కారుది కాదు. తప్పు నాది. అది చెప్పేదానికే ఈ పోస్టు.

ఇప్పుడు మన ఊర్లలో కూడా పిల్లోళ్ళు పండక్కి ఇట్లాంటి కార్లలో వస్తున్నారు. వచ్చిన వెంటనే మనం అడిగే మాట ఒకటే: "లీటరుకు ఎంతిస్తుంది? ఫుల్ ట్యాంకు కొడితే ఎంత దూరం పోతుంది?" గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు కంపెనీ చెప్పే లెక్క లీటరుకు 27.97 కిలోమీటర్లు, ట్యాంకు 45 లీటర్లు. గుణిస్తే 1258 కిలోమీటర్లు. కాగితం మీద లెక్క అది. రోడ్డు మీద 20, 22 వచ్చిందనుకున్నా 900 దాటుతుంది. బెంగళూరు నుంచి మా ఊరికి రెండు సార్లు వచ్చి పోయినా ఇంకా మిగులుతుంది. ఇంత దూరం పోతుందని తెలిసేసరికి మనిషికి ధీమా వస్తుంది. పెట్రోలు పోయించే మాటే మరిచిపోతాడు. మావాడికి అదే అయింది, నాకూ అదే అయింది.

మా ఊరు కళ్యాణదుర్గానికి 26 కిలోమీటర్లు, కంబదూరు దిక్కు. ఇట్లా పోతే కళ్యాణదుర్గం, అట్లా పోతే కర్ణాటకలో పావగడ. పావగడలో పెట్రోలు మనకంటే లీటరుకు ఆరేడు రూపాయలు తక్కువ. ఇది మా దిక్కు అందరికీ తెలుసు. పావగడకు పని మీద పోయినోడు ట్యాంకు నింపుకోకుండా రాడు.

దీపావళికి మావాడు పెండ్లాం పిల్లలతో వచ్చినాడు. రాత్రి పొద్దుపోయింది, పిల్లలు నిద్రపోతున్నారని పావగడలో ఆపలేదంట. మరుసటి దినం టపాకాయలకు, బట్టలకు కళ్యాణదుర్గం పోయినాం. అక్కడ బంకు దగ్గర బండి తిప్పి, "చిన్నాయనా, ఒక వెయ్యి రూపాయలకు పోయిస్తా" అన్నాడు.

నేనే ఆపినా. "ఈడ ఏంటికి నాయనా? ఎల్లుండి పొయ్యేటప్పుడు పావగడలో నింపుకో. ముప్పై లీటర్లకు రెండొందల రూపాయలు మిగుల్తుంది" అని. వాడు మీటరు చూసి, "సరే చిన్నాయనా, ఇంకా 130 కిలోమీటర్లకు ఉంది" అని తిప్పేసినాడు. పెద్ద తెలివైన మాట చెప్పినట్టు నేను కులాసాగా కూర్చున్నా.

ఆ రాత్రి తొమ్మిదిన్నర అప్పుడు నా భార్య ఎద్దులకు మేత వేసేదానికి వామి దగ్గరకు పోయింది. టార్చిలైటు నా దగ్గరే ఉండిపోయింది. శెనక్కట్టె లాగుతుంటే కాలి మీద కరిచింది. కేక విని నేను పోయేసరికి రక్తపింజర పక్కకు జరుగుతోంది. పాదం మీద గాట్లు కనిపిస్తున్నాయి. చూస్తుండగానే వాపు మొదలైంది.

పక్కింటి ఆయన తాడుతో గట్టిగా కట్టమన్నాడు, ఇంకొకాయన బ్లేడుతో గీసి రక్తం పోనిమ్మన్నాడు. అవేవీ చేయలేదు. కాలు కదలనీకుండా పడుకోబెట్టినాం. ఈ ఒక్క పని మాత్రం సరిగ్గా చేసినా. మీరూ గుర్తుపెట్టుకోండి: కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు, నాటుమందు దగ్గర పొద్దు పోగొట్టొద్దు. పాముకాటుకు మందు ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షనే.

ఇంటి ముందర కారుంది కదా. ఎక్కించినాం. మావాడు, మా అన్న, నేను, ఆమె. మీటరు 96 చూపించింది. కళ్యాణదుర్గం 26. అక్కడి నుంచి అనంతపురం పంపినా 60. మొత్తం 86. చాలుతుంది అనుకున్నాం. మా ఊరికి ఎనిమిది కిలోమీటర్లలో ఒక బంకు ఉంది, ఆ పొద్దుకు మూసేసి ఉంది.

కళ్యాణదుర్గంలో మందు మొదలుపెట్టి, అనంతపురం పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అప్పుడు మీటరు ఎంత ఉందో ఎవరూ చూడలేదు. ఎవరికి మనసుంటుంది చెప్పండి? ఆమె వాంతులు చేసుకుంటోంది. మావాడు 100, 110 మీద తోలుతున్నాడు. ఏసీ ఫుల్లుగా పెట్టినాం. ఆత్మకూరు దాటినాక పసుపు లైటు వెలిగిందని మావాడు మెల్లగా అన్నాడు. "పోనీ, దగ్గరకొచ్చినాం కదా" అన్నా. ఇంకా 12 కిలోమీటర్లు ఉందనంగా ఇంజను ఆగిపోయింది.

"బ్యాటరీతో పోతుంది చిన్నాయనా" అన్నాడు. పోయింది, నిజమే. అర కిలోమీటరు పోయింది. చిన్న ఎత్తు వచ్చేసరికి ఎర్ర అక్షరాలు వచ్చినాయి. పక్కకు తీసి ఆపేసినాడు.

రాత్రి పన్నెండు. రెండు దిక్కులా చీకటి. ఫోన్లు చేస్తున్నాం. రెండు కార్లు పోయినాయి, ఆపలేదు. నేను రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఎత్తినా. ఇరవై ఐదు నిమిషాలకు కక్కలపల్లి మండీకి టమాటా లోడుతో పోయే బండి వచ్చింది. ఆ డ్రైవరు ఒక్క మాట అడగలేదు. క్లీనరును పైన క్రేట్ల మీదికి పొమ్మని, ముందు సీట్లో ఆమెను కూర్చోబెట్టుకున్నాడు. నేను పక్కన ఇరుక్కున్నా. ముందు ఆసుపత్రిలో దించి తర్వాతే మండీకి పోయినాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కు తోసినాడు. ఇది చదివితే అన్నా, నీ పేరు కూడా అడగలేదు, నీకు మా ఇంటిల్లిపాదీ నమస్కారం.

నా భార్య బతికింది. తొమ్మిది దినాలు ఆసుపత్రిలో ఉంది. ఆ కాలు ఇప్పటికీ సాయంత్రమైతే వాస్తుంది. ఆ ఇరవై ఐదు నిమిషాల వల్లనా అని డాక్టరును అడిగినా. "అట్లా చెప్పలేం, ఎంత బిరీన వస్తే అంత మేలు" అన్నాడు. ఆ మాట నాకు చాలు. ముప్పై లీటర్లకు ఏడు రూపాయలు, రెండొందల పది. ఈ లెక్క ఇప్పటికీ రాత్రిపూట నా తలలో తిరుగుతుంది.

తర్వాత కారును షోరూముకు తీసుకుపోయినప్పుడు నేనూ పోయినా. మీటరు 96 చూపించి 74కే ఎట్లా ఆగిందని అడిగినా. ఆ మెకానిక్కు ఓపికగా చెప్పినాడు. నాకు అర్థమైంది మీకు చెప్తా.

మీటరులో చూపించే దూరం రాబోయే దారి చూసి చెప్పేది కాదు. ఇంతకుముందు బండి ఎట్లా నడిచిందో, ఆ సగటు పెట్టి చెప్పేది. మావాడు ఒక్కడే బెంగళూరు ట్రాఫిక్కులో నెమ్మదిగా తోలిన లెక్క అది. హైబ్రిడ్ బండికి మేలు జరిగేది అక్కడే. బ్రేకు కొట్టినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కొస్తుంది, నిలబడినప్పుడు ఇంజను ఆగిపోతుంది. నలుగురు కూర్చుని, ఏసీ పెట్టి, బ్రేకు ముట్టకుండా 110 మీద పోతే ఆ మేలు చాలావరకు పోతుంది, ఇంజనే మోయాల. నిన్న పడిన వాన చూసి రేపటి వాన చెప్పినట్టు ఉంటుంది ఆ మీటరు. మన అనంతపురమోళ్ళం, అట్లాంటి లెక్కను నమ్మొచ్చునా? పైగా బండి మా ఇంటి ముందర వాలులో నిలబడి ఉండింది. ట్యాంకులో తేలే బుడగను బట్టి మీటరు చూపిస్తుంది. వాలులో పెట్రోలు ఒక పక్కకు పోతే లెక్క కొంచెం తప్పుతుంది.

ఇంకోటి. ఆ రకం బండ్లలో బ్యాటరీ చిన్నది. పట్టేది ఇంచుమించు ఒక యూనిట్ కరెంటు. మన 5 హెచ్‌పీ మోటారు గంటకు తినేదే దగ్గరదగ్గర నాలుగు యూనిట్లు. అంటే ఆ బ్యాటరీతో మన మోటారు పావుగంట ఆడుతుంది, అంతే. దాన్ని నమ్ముకుని ఊరు చేరలేం. పైగా ఆ ఇంజనును తిప్పి స్టార్ట్ చేసేది కూడా ఆ బ్యాటరీనే. దాన్ని పూర్తిగా పిండేస్తే, తర్వాత పెట్రోలు పోసినా ఇంజను లేవదు, బండిని లాక్కుపోవాల్సిందే. మావాడు ఎర్ర అక్షరాలు చూసి ఆపినాడు కాబట్టి మర్నాడు ఐదు లీటర్లు పోస్తే మూడోసారికి అందుకుంది.

పెట్రోలు పంపు ట్యాంకు లోపలే, పెట్రోలులో మునిగి ఉంటుందంట. పెట్రోలే దానికి చల్లదనం. మనకు ఇది కొత్తగా చెప్పాల్నా? సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్ళలో ఉన్నంతసేపే బతుకుతుంది. నీళ్ళు తగ్గి వట్టిగా తిరిగితే కాలిపోతుంది. దాని కోసమే కదా స్టార్టరుకు డ్రై రన్ కట్టాఫ్ పెట్టించుకునేది. ట్రాక్టరులో డీజిల్ అయిపోయి ఎయిర్ పట్టుకుంటే ఏమైతుందో కూడా మనకు తెలుసు. పదునులో విత్తనం వేస్తుండగా ఆగిపోతే, డీజిల్ పోసినా లేవదు. ఫిల్టరు బోల్టు లూజు చేసి, బుడగలు పోయేదాకా పంపు కొట్టి కొట్టి చేతులు నొప్పి పుడతాయి. ఇన్ని తెలిసినోణ్ణి, కారు అనేసరికి మీటరును నమ్మినా.

పాత బైకులకు రిజర్వు కాక్ ఉండేది. బండి దగ్గిందంటే కిందికి చెయ్యి పెట్టి తిప్పుకునేవాళ్ళం. "రిజర్వు పడింది" అంటే మనకు ఒక హెచ్చరిక. కారుకు అట్లాంటి కాక్ లేదు. లైటు వెలుగుతుంది, అంతే. రిజర్వును మనమే మనసులో పెట్టుకోవాల.

అందుకని నేను పెట్టుకున్న లెక్క చెప్తా. "బండి ఇంకా ఎంత దూరం పోతుంది" అని అడగొద్దు. "రాత్రి ఇంటి ముందర నిలబెట్టేటప్పుడు ఎంత ఉండాల" అని అడగండి. మీ ఊరి నుంచి పెద్దాసుపత్రికి ఎంత దూరమో చూసుకోండి, దాన్ని రెండింతలు చేయండి. మాకు 86, రెండింతలు 172. మాకు సున్నా అక్కడే. 45 లీటర్ల ట్యాంకులో పావు అంటే 11 లీటర్లు. గట్టిగా తోలితే లీటరుకు 15 వచ్చినా 165 కిలోమీటర్లు. కాబట్టి పావు ట్యాంకుకు రాకముందే పోయించాల. పావు కిందికి దిగిన బండి ఊర్లో రాత్రి నిద్ర చేయకూడదు.

పావగడ పెట్రోలు వద్దనను. ఆరేడు రూపాయలు మనకు తక్కువేం కాదు. అయితే ఊరు విడిచి పోయేటప్పుడు కాదు, ఊరికి వచ్చేటప్పుడు నింపుకుని రమ్మని పిల్లలకు చెప్పండి. డబ్బూ మిగులుతుంది, నిండు ట్యాంకు ఇంటి ముందర ఉంటుంది. ఈ చిన్న మాట ఆ రోజు నాకు తోచలేదు.

దారిలో లైటు వెలిగితే ఏసీ ఆపి, 60 మీదికి దించి, మొదట కనిపించిన బంకులోనే పోయించండి, రేటు ఎంతైనా. బ్యాటరీ ఉంది కదా అని పోవద్దు.

ఎంత కరువొచ్చినా మన పెద్దోళ్ళు విత్తనం కాయలు వలుచుకుని తినలేదు. పిల్లలు ఆకలని ఏడ్చినా ఆ మూట జోలికి పోలేదు. అది అప్పటి ఆకలికి కాదు, వచ్చే వానకని తెలుసు వాళ్ళకు. ట్యాంకులో ఆ పావు కూడా అట్లాంటిదే. పండగ తిరుగుళ్ళకు కాదు, ఆపద రాత్రికి.

పండగలకు బయటి నుంచి పిల్లోళ్ళు వచ్చే ఇండ్లలో ఈ పోస్టు వాళ్ళకు చూపించండి. అట్లే రాత్రి వామి దగ్గరకు పోయేటప్పుడు చేతిలో టార్చిలైటు, కాళ్ళకు బూట్లు మరిచిపోవద్దు. మా ఇంట్లో ఇప్పుడు లైటు ఆమె చేతిలోనే ఉంటుంది. మేత వేసేది మాత్రం నేను.

ఉంటా.