టీకొట్లో నడిచిన విచారణ

2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వైఎస్ వివేకానందరెడ్డి తన ఇంట్లోనే శవమై కనిపించారు. గుండెపోటన్న కబురు ముందు పాకింది. పొద్దు గూకేలోగా అది హత్యని తేలింది. ఎన్నికలకు నెల కూడా లేదు. ఇక కడప, కర్నూలు టీకొట్లకు వేరే కబుర్లు దేనికి?

2020లో హైకోర్టు ఆదేశంతో కేసు సీబీఐ చేతికెళ్లింది. వివేకా దగ్గర డ్రైవరుగా చేసిన దస్తగిరి అప్రూవరయ్యాడు. వివేకా కూతురు సునీత పట్టువదల్లేదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. శనక్కాయల ధర మాట్లాడుకునే అరుగుల మీద ఫోన్ ఎక్కడుందో చెప్పే గూగుల్ టేకౌట్ వివరాల గురించి, రక్తపు మరకలు ఎవరు కడిగారన్న దాని గురించి వాదులాటలు. ఎవరు ఏ ఛానెల్ చూస్తారో తెలిస్తే చాలు, వాళ్ల తీర్పు వినక్కర్లేదు!

2023 మేలో, ఈ కేసులో సీబీఐ ప్రశ్నిస్తున్న కడప ఎంపీ అవినాష్‌రెడ్డి తల్లి కర్నూలు ఆస్పత్రిలో ఉన్నారు. ఆయన కోసం సీబీఐ వాళ్లొచ్చారనగానే గేటు ముందు కెమెరాలు, కార్యకర్తలు, వాళ్ల వెనక ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు. కర్నూలు ఎండను ఎవరూ లెక్కచెయ్యలేదు.

చర్చలకు మాత్రం హత్యకన్నా ఇంటిగుట్టే రుచించింది. పోయినాయన సొంత జీవితం మీద ఆరోపణలు గుప్పించారు. బదులివ్వడానికి ఆయన లేరు. తండ్రిని చంపిందెవరని అడుగుతున్న కూతురే ఆ ప్రశ్నలకూ మైకుల ముందు నిలబడాల్సి వచ్చింది.